పంట కాపలాకు తుపాకీ లైసెన్సు: చట్టం ఇచ్చేదేమిటి, ఇవ్వనిదేమిటి?

నల్లమల అంచు గ్రామాల రైతులకు సూచనలు

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం ప్రాంతాల్లో అడవి పందుల బెడద మీద చర్చ మొదలైతే చివరికి ఒక మాట దగ్గరికి వస్తుంది. "పందులను మీరన్నా కట్టడి చేయండి, లేదా మాకు తుపాకీ లైసెన్సులన్నా ఇవ్వండి." ఈ మాట వెనకున్న బాధ నిజమైనది. మొక్కజొన్న కండె పాలు పోసుకునే దశలోనో, వేరుశనగ కాయ ఊరే దశలోనో ఒక్క రాత్రి పందుల మంద దిగితే తెల్లారేసరికి చేను నాగలితో దున్నినట్టు ఉంటుంది. రెండు మూడెకరాల రైతుకు అది ఏడాది కష్టం. రాత్రంతా మంచె మీద కూర్చుని డబ్బాలు కొట్టినా పందులు ఒక మూల నుంచి పోయి ఇంకో మూల నుంచి వస్తాయి.

అయితే తుపాకీ విషయంలో ఊళ్లలో తిరిగే సమాచారం సగం తప్పు. "పంట కాపలాకు లైసెన్సు ఇవ్వనే ఇవ్వరు" అని కొందరు, "లైసెన్సు ఉంటే పందిని కాల్చుకోవచ్చు" అని కొందరు అంటారు. రెండూ సరికాదు. ఈ తప్పుడు నమ్మకాల వల్ల కొందరు నాటు తుపాకీ వైపు, కొందరు కరెంటు తీగ వైపు పోయి జైలు పాలవుతున్నారు. చట్టం ఎక్కడ తలుపు తెరిచింది, ఎక్కడ మూసింది, మనం ప్రభుత్వాన్ని నిజంగా అడగాల్సింది ఏమిటో చూద్దాం.

తుపాకీ ఉంచుకోవడం మన దేశంలో హక్కా?

కాదు. ఈ చర్చలో తరచూ వినిపించే అమెరికా పోలిక మనకు వర్తించదు. అక్కడ 1791లో చేసిన రెండో రాజ్యాంగ సవరణ ఆయుధం ఉంచుకోవడాన్ని హక్కుగా గుర్తించింది. ఆ హక్కును ప్రభుత్వం ఎంతవరకు కట్టడి చేయవచ్చన్నదే అక్కడి వాదన.

మన దగ్గర కథ వేరు. 1878లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చి భారతీయులు లైసెన్సు లేకుండా ఆయుధం పట్టకుండా చేసింది. అందుకే స్వాతంత్య్రోద్యమంలో ఆయుధం ఉంచుకునే హక్కు ఒక డిమాండు. 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నియమాలకు లోబడి, ఆ హక్కును చేర్చారు కూడా. కానీ రాజ్యాంగం రాసుకునేటప్పుడు, 1948 డిసెంబరులో, హెచ్.వి.కామత్ ఆ హక్కును చేర్చాలని సవరణ పెడితే అంబేద్కర్ ఒప్పుకోలేదు. అందరికీ హక్కుగా ఇస్తే నేరాలు చేసేవారికీ అదే హక్కు వస్తుందన్నది ఆయన అభ్యంతరం. సవరణ వీగిపోయింది.

తరవాత వచ్చిన 1959 ఆయుధాల చట్టమే నేటికీ అమలులో ఉంది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు లైసెన్సు లేని తుపాకుల సమస్యను తనంతట తానుగా విచారణకు తీసుకున్నప్పుడు కూడా, మన రాజ్యాంగం అమెరికాలా ఆయుధం పట్టే హక్కు ఇవ్వలేదని గుర్తు చేసింది.

మన ప్రాంతంలో దీనికి ఇంకో నేపథ్యం ఉంది. నల్లమల చాలా ఏళ్లు నక్సలైట్లకు స్థావరం. 2004 అక్టోబరులో ప్రభుత్వంతో చర్చలకు వారి నాయకులు బయటకు వచ్చింది మన దోర్నాల వైపు చిన్న ఆరుట్ల దగ్గరే. ఆయుధాలతో ఊళ్లలో తిరగవచ్చా, లేదా అన్నది ఆ చర్చల్లో తెగని చిక్కుల్లో ఒకటి. 2005 జనవరికల్లా చర్చల దారి మూసుకుపోయింది. ఆ రోజులు చూసినవారికి ఇక్కడ తుపాకీ అనే మాట ఎంత బరువైనదో తెలుసు.

పంట కాపలా లైసెన్సు: చట్టంలో ఉన్న తలుపు

హక్కు కాకపోయినా రైతును చట్టం పూర్తిగా వదిలేయలేదు. చాలామందికి తెలియని సంగతి ఇది.

• 1959 చట్టం 13వ సెక్షన్‌లో పంట కాపలా ప్రస్తావన స్పష్టంగా ఉంది. నిజంగా పంట రక్షణ కోసమైతే, గొట్టం మూతి నుంచి మందు, రవ్వలు దట్టించి పేల్చే రకం తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని ఆ సెక్షన్ చెబుతుంది. ఆ రకం సరిపోదని అధికారికి నమ్మకం కలిగితే వేరే నున్నటి గొట్టం తుపాకీకి కూడా ఇవ్వవచ్చు.

• దరఖాస్తుదారుకు కనీసం 21 ఏళ్లుండాలి. పోలీసు విచారణ నివేదిక తప్పనిసరి. మతిస్థిమితం లేనివారికి, ప్రజల భద్రతకు ముప్పు అనుకున్నవారికి నిరాకరించవచ్చు.

• తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. చిన్న రైతుకు ఇది ముఖ్యమైన రక్షణ.

• నిరాకరిస్తే కారణాలను అధికారి రాతలో నమోదు చేయాలి. ప్రజా ప్రయోజనానికి ఇబ్బంది లేనంతవరకు, మీరు అడిగితే ఆ కారణాలు మీకు ఇవ్వాలి. 18వ సెక్షన్ కింద పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు.

• 2019 సవరణ తరవాత లైసెన్సు గడువు 5 ఏళ్లు. ఒక వ్యక్తి దగ్గర 2 తుపాకులకు మించి ఉండకూడదు. ప్రతి లైసెన్సుకు దేశవ్యాప్త రికార్డులో ప్రత్యేక సంఖ్య ఉండాలి.

మన జిల్లాల్లో దరఖాస్తును పరిశీలించేది కలెక్టర్ కార్యాలయం. తుపాకీని ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు, వాడకంలో శిక్షణ 2016 నియమావళి ప్రకారం చూపించాల్సి ఉంటుంది. ఎన్నికల సమయంలో ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లో అప్పగించమంటే అప్పగించాలి.

తాతల నాటి లైసెన్సు తుపాకీ ఇంట్లో ఉన్నవారికి ఒక హెచ్చరిక. లైసెన్సుదారు చనిపోతే ఆ లైసెన్సు వారసులకు దానంతటదే రాదు. తుపాకీని అటక మీద దాచకుండా ఆలస్యం చేయక పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న ఆయుధ వ్యాపారి దగ్గర గానీ జమ చేసి, కావాలంటే వారసులు తమ పేర దరఖాస్తు చేసుకోవాలి. "అది మా నాయన తుపాకీ" అన్న మాట కేసులో నిలవదు.

అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు ఊళ్లు

మన ప్రాంత రైతుకు అసలు అడ్డంకి ఇక్కడ ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం అభయారణ్యం చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి ముందస్తు సమ్మతి కావాలి. ఆ పరిధిలో ఇప్పటికే లైసెన్సు ఉన్నవారు కూడా ఆయన దగ్గర పేరు నమోదు చేసుకోవాలి.

నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, గుండ్ల బ్రహ్మేశ్వరం అభయారణ్యం మనకు పక్కనే ఉన్నాయి. పెద్దదోర్నాల, యర్రగొండపాలెం, అర్ధవీడు, గిద్దలూరు మండలాల్లో అడవిని ఆనుకున్న ఊళ్లవారు దరఖాస్తు పెట్టే ముందే తమ ఊరు ఈ పరిధిలోకి వస్తుందో లేదో అటవీ రేంజ్ కార్యాలయంలో కనుక్కోవాలి. అభయారణ్యం లోపలికి అనుమతి లేకుండా ఏ ఆయుధంతో వెళ్లినా నేరమే, లైసెన్సు ఉన్నా సరే.

పందుల బెడద ఎక్కడ ఎక్కువో అక్కడే లైసెన్సు కష్టం. ఇది రైతుకు అన్యాయంగా కనిపించవచ్చు. కానీ కారణం లేకుండా పెట్టిన నిబంధన కాదు. పులి, చిరుత, ఎలుగు తిరిగే అడవి అంచున తుపాకుల సంఖ్య పెరిగితే వేటగాళ్లకు అది మరుగు అవుతుంది. ఆ భారాన్ని అంచున ఉన్న చిన్న రైతు ఒక్కడే మోయాలా అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

తుపాకీ లైసెన్సు వేరు, పందిని కాల్చే అనుమతి వేరు

ఈ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుంటే చాలా కేసులు తప్పుతాయి. తుపాకీ లైసెన్సు ఆయుధాల చట్టం కింద వస్తుంది. అడవి జంతువును చంపడం వన్యప్రాణి చట్టం కిందకు వస్తుంది. ఒక కాగితం రెండో దానికి పనికిరాదు.

2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాక అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. 11వ సెక్షన్ ప్రకారం రెండో షెడ్యూలు జంతువు మనుషుల ప్రాణానికి గానీ, నిలబడి ఉన్న పంటతో సహా ఆస్తికి గానీ ప్రమాదకరంగా మారితే, ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా కారణం చూపి, దాన్ని చంపడానికి అనుమతి ఇవ్వవచ్చు. ఈ అనుమతి లేకుండా మీ చేలోనే, మీ లైసెన్సు తుపాకీతోనే పందిని కాల్చినా అది వేట కిందే లెక్క. శిక్ష 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

పెద్దపులి, చిరుత, ఎలుగుబంటి, కృష్ణజింక, నెమలి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వీటి విషయంలో పంట నష్టం ఒక కారణంగా చెల్లదు. శిక్ష కనీసం 3 ఏళ్లు, 7 ఏళ్ల వరకు ఉంటుంది.

మీ మీదకు గానీ, పక్కవారి మీదకు గానీ జంతువు వచ్చినప్పుడు ప్రాణం కాపాడుకోవడానికి సదుద్దేశంతో చంపితే నేరం కాదు. అయితే చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. మాంసం పంచుకున్నారంటే ఆత్మరక్షణ వాదన అక్కడితో పోతుంది. వెంటనే అటవీ సిబ్బందికి చెప్పాలి. అటవీ హక్కుల చట్టం 2006 కింద హక్కు పత్రాలున్న చెంచు కుటుంబాలకు కూడా వేట హక్కు అందులో చేరలేదని గమనించాలి.

దొడ్డిదారులు ఎందుకు వద్దు

నాటు తుపాకీ: లైసెన్సు లేని తుపాకీ దగ్గర ఉంటేనే కనీసం 2 ఏళ్లు, 5 ఏళ్ల వరకు జైలు. పేలిస్తే ఇంకా ఎక్కువ. తయారు చేసినా, అమ్మినా 7 ఏళ్ల నుంచి యావజ్జీవం వరకు పడవచ్చు. పైగా నాసిరకం గొట్టం పేలి పట్టుకున్నవాడి చేయి, కన్ను పోయే ప్రమాదం ఉంది. చీకట్లో కదిలిందల్లా పంది కాదు. పక్క చేను కాపలా మనిషి కూడా కావచ్చు.

కరెంటు తీగ: చేను చుట్టూ బైండింగు వైరు చుట్టి లైను నుంచి కరెంటు ఇవ్వడం అన్నిటికన్నా ప్రమాదం. ఆ తీగకు పంది తగులుతుందో, పులి తగులుతుందో, తెల్లవారుజామున మోటారు వేయడానికి వెళ్లిన మీ అన్నదమ్ముడు తగులుతాడో ఎవరికీ తెలియదు. మనిషి చనిపోతే నిర్లక్ష్యం వల్ల మరణం కింద భారతీయ న్యాయ సంహితలో 5 ఏళ్ల వరకు శిక్ష ఉంది. పరిస్థితిని బట్టి ఇంకా పెద్ద సెక్షన్లు పెడతారు. విద్యుత్ చౌర్యం కేసు దానికి అదనం.

నాటు బాంబులు, ఉచ్చులు: పిండిలో, పండులో పెట్టే పేలుడు ఉండలు మీ గేదె నోట్లో, పశువులు కాసే పిల్లల చేతిలో పేలతాయి. ఉచ్చులో ఏ జంతువు పడ్డా వేట కేసే.

కార్బైడ్ గన్ను: కోతులను తరమడానికి ప్లాస్టిక్ పైపుతో చేసుకునే ఇది బొమ్మలా కనిపిస్తుంది. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో వీటి వల్ల వందకు పైగా మంది, ఎక్కువగా పిల్లలు, కళ్లకు గాయాలతో ఆసుపత్రుల పాలయ్యారు. పేలలేదని గొట్టంలోకి తొంగి చూడటం వల్లే చాలామందికి గాయాలయ్యాయి.

లైసెన్సులు సులభం చేస్తే సమస్య తీరుతుందా?

తీరుతుందనే వారి వాదనలో బలం ఉంది. చట్టమే పంట కాపలాను గుర్తించింది. అడవిని కాపాడే ఖర్చు దేశమంతా పంచుకోవాలి గానీ అంచు గ్రామాల రైతు పంటతో చెల్లించకూడదు. నెలల తరబడి కాగితాల చుట్టూ తిరిగేలోపు సీజన్ అయిపోతుంది.

వద్దనేవారి వాదనలోనూ అంతే బలం ఉంది. ఒకసారి ఊళ్లోకి వచ్చిన తుపాకీ పంది కోసమే ఉండదు. గట్టు తగాదాలో, ఎన్నికల కక్షలో, మద్యం మత్తులో, ఇంట్లో గొడవలో అదే చేతికి దొరుకుతుంది. అప్పుల్లో కుంగిపోయిన మనిషి ఇంట్లో తుపాకీ ఉండటం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

వ్యవసాయం చూసే మనిషిగా నేను చెప్పేది ఇంకొకటి. మందు దట్టించే తుపాకీ ఒకసారి పేల్చాక మళ్లీ నింపడానికి సమయం పడుతుంది. పందులు రాత్రిపూట మందగా వస్తాయి. శబ్దానికి ఆ రాత్రి మీ చేను వదిలి పక్క చేనులో పడతాయి, రేపు మళ్లీ వస్తాయి. గాయపడ్డ పంది మనిషి మీదకు తిరగబడుతుంది. ఒక్కో రైతు చేతిలో ఒక్కో తుపాకీ ఉన్నా మంద తగ్గదు. నేర్పున్నవారు, అనుమతితో, ఊరంతటికీ కలిపి చేస్తేనే తగ్గుతుంది.

వేరే రాష్ట్రాలు ఇదే దారి పట్టాయి. కేంద్రం 62వ సెక్షన్ కింద 2015లో బీహార్‌లో, 2016లో ఉత్తరాఖండ్‌లో కొన్ని ప్రాంతాల్లో, పరిమిత కాలానికి, అడవి పందిని హానికర జంతువుగా ప్రకటించింది. కేరళకు ఆ ప్రకటన దక్కలేదు. దాంతో 2022లో ఆ రాష్ట్రం 11వ సెక్షన్ అధికారాన్నే పంచాయతీల అధ్యక్షుల దాకా దించింది. పంటను పాడుచేసే పందిని కాల్చమని వారు ఆదేశమిస్తే, లైసెన్సున్న తుపాకీదారులు ఆ పని చేస్తారు. అక్కడ ప్రతి రైతుకూ తుపాకీ ఇవ్వలేదు. నిర్ణయాన్ని రైతు దగ్గరకు తెచ్చారు, తుపాకీని మాత్రం జవాబు చెప్పగలిగిన కొద్దిమంది చేతుల్లోనే ఉంచారు.

కాబట్టి మన గ్రామసభ అడగాల్సింది "తుపాకులు ఇవ్వండి" అని మాత్రమే కాదు. ఈ నాలుగూ కలిపి అడగాలి:

1. 11వ సెక్షన్ అనుమతి మీద సీజన్ దాటకుండా నిర్ణయం, దానికి మన దగ్గరే ఒక బాధ్యుడైన అధికారి.
2. అనుమతి వచ్చాక కాల్చడానికి శిక్షణ పొందిన, లైసెన్సున్న మనుషుల జాబితా.
3. లైసెన్సు దరఖాస్తు మీద గడువులోగా జవాబు. నిరాకరిస్తే కారణం రాతలో.
4. అడవి అంచు చేలకు సౌర కంచెకు సాయం, పంట నష్టానికి త్వరగా పరిహారం.

ఈ సీజన్‌లోనే మీరు చేయగలిగినవి

• పంటను ఈ-పంటలో తప్పక నమోదు చేయించండి. కౌలు రైతులు సాగుదారు హక్కు కార్డు తీసుకోండి. నమోదు లేని పంటకు పరిహారం అడగడం కష్టం.

• నష్టం జరిగిన ఉదయమే తేదీ, స్థలం కనిపించేలా ఫొటోలు తీయండి. అటవీ రేంజ్ కార్యాలయంలో రాతపూర్వక దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక ఊరి నుంచి ఇలాంటి రసీదులు పది ఉంటే, 11వ సెక్షన్ అనుమతి అడిగేటప్పుడు అవే మీకు బలం.

• 2026 ఖరీఫ్ నుంచి ప్రధానమంత్రి ఫసల్ బీమాలో అడవి జంతువుల వల్ల పంట నష్టాన్ని అదనపు రక్షణగా చేర్చాలని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లోగా యాప్‌లో ఫొటోలతో తెలపాలి. మీ ప్రాంతం, మీ పంట, ఆ జంతువు రాష్ట్రం ఇచ్చే నోటిఫికేషన్‌లో ఉన్నాయో లేదో ప్రీమియం కట్టే ముందే అడగండి.

• ఆమోదం పొందిన సౌర కంచె వేసుకోండి. ఇది క్షణకాలం కొట్టి వదిలే కరెంటు కాబట్టి జంతువు బెదిరి పోతుందే గానీ చావదు. నలుగురైదుగురు రైతులు కలిసి చేల చుట్టూ ఒకటే కంచె వేస్తే ఖర్చు తగ్గుతుంది. తీగ కింద గడ్డి పెరగకుండా చూడాలి. పొరపాటున కూడా దానికి లైను కరెంటు కలపకూడదు.

• మొక్కజొన్న చుట్టూ నాలుగు వరుసల ఆముదం, వేరుశనగ చుట్టూ ముళ్లుండే కుసుమ దగ్గర దగ్గరగా వేయండి. ఆముదం వాసన పంట వాసనను కప్పుతుంది. కుసుమ ముళ్లు పందిని ఆపుతాయి.

• పందికి చూపు తక్కువ, వాసన ఎక్కువ. క్షౌరశాలల నుంచి తెచ్చిన వెంట్రుకలు గట్ల మీద చల్లడం, కోడిగుడ్ల ద్రావణం గట్ల వెంట పిచికారీ చేయడం కొన్నాళ్లు పనిచేస్తాయి. ఒకే పద్ధతిని సాగదీస్తే పందులు అలవాటు పడతాయి, మార్చుతూ ఉండాలి. వాన పడితే మళ్లీ చేయాలి.

• ఫోరేట్ గుళికల సంచులు కట్టే పాత పద్ధతి మానేయండి. ఫోరేట్ అమ్మకం, వాడకం 2020 డిసెంబరు 31 నుంచి నిషేధంలో ఉన్నాయి.

• కాపలాకు ఒంటరిగా వెళ్లకండి. వంతులు వేసుకుని ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. టార్చి, ఈల దగ్గర పెట్టుకోండి.

లైసెన్సు కావాలనుకునే రైతు దరఖాస్తు పెట్టుకోవడంలో తప్పు లేదు. చట్టం ఆ అవకాశం ఇచ్చింది. కానీ లైసెన్సు వచ్చేదాకా నాటు తుపాకీ పట్టకండి. వచ్చాక కూడా రెండో కాగితం లేకుండా పంది మీద పేల్చకండి. పంట పోతే బీమా, పరిహారం అడగవచ్చు, వచ్చే కారుకు మళ్లీ విత్తవచ్చు. కేసులో ఇంటి పెద్ద జైలుకు పోతే ఆ సేద్యం చేసేవారు ఉండరు. పంట నష్టం దరఖాస్తు, బీమా, కంచె విషయాల్లో సందేహాలుంటే మీ రైతు సేవా కేంద్రంలో వ్యవసాయ సహాయకులను కలవండి. వచ్చే గ్రామసభలో పైన చెప్పిన నాలుగు డిమాండ్లను తీర్మానంగా రాయించి, ప్రతిని కలెక్టర్‌కు, జిల్లా అటవీ అధికారికి పంపండి.